ఎరిగినవాడి గ్లాసు

నర్సింహమ్మ పుట్టిన ఇంట్లో గాజు అంటే చేతికి వేసుకొనేదే. మహా అయితే కందిలి మీద పెట్టే బుగ్గ, గోడకు వేలాడే చేతెడు అద్దం. నీళ్ళకు ఇత్తడి చెంబు, కల్లుకు ముంత ఉండేవి. చాయ ఇంకా ఆ ఊరి మొహం చూడలేదు. గాజులో పోసుకొని ఏదైనా తాగుతారని పెళ్ళయిన చాలా ఏళ్ళ దాకా ఆమెకు తెలియదు. మొగుడు రాములు పోయి, చేతి గాజులు పోయిన ఏడాదే ఆమె పట్నంలోని బేగంబజారుకు పోయి గంపెడు చారల గ్లాసులు కొనుక్కొచ్చింది. చేతులకు లేని గాజు చేతుల్లోకి వచ్చిందని ఊళ్ళో ఒకరిద్దరు ఎకసెక్కమాడారు. ఆమె పట్టించుకోలేదు. పట్టించుకొని కూచుంటే పొయ్యి వెలగదు కదా.

ఇది అరవైల చివరి ముచ్చట. పటాన్‌చెరు నుంచి కిష్టారెడ్డిపేట పోయే తొవ్వ మొగదల, బస్సు ఆగే చోట, ఆమె హోటల్ పెట్టింది. పేరుకే హోటల్. నాలుగు గుంజలు, గడ్డికప్పు, వెనక రొమ్మెత్తు మట్టిగోడ, ముందు రెండు బెంచీలు, ఒక పొయ్యి. అదంతా కట్టిపెట్టింది మొగులయ్య. అతడు మాదిగవాడ మనిషి, రాములు పొలంలో జీతమున్నవాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. రాములును పాము కరిచిన రోజు, బండి కట్టేంతసేపు కూడా ఆగలేక, అతణ్ణి భుజాన వేసుకొని రోడ్డు దాకా ఉరికింది మొగులయ్యే. లారీ ఆపి సంగారెడ్డి దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ప్రాణం పోయే మనిషిని మోసినప్పుడు అంటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. శవాన్ని తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టాక మాత్రం అందరికీ గుర్తొచ్చింది. మొగులయ్య వాకిలి బయట కూచుని ఏడ్చాడు.

హోటల్ గోడ పెట్టేటప్పుడు, చూరు కిందికి వచ్చే బయటివైపున మొగులయ్య ఒక చిన్న గూడు వదిలాడు. రెండు గ్లాసులు పట్టేంత గూడు. అది ఎవరికోసమో నర్సింహమ్మ చెప్పలేదు, అతడూ అడగలేదు. వాడవాళ్ళు ఎవరొచ్చినా ఆ గూట్లోంచి గ్లాసు తీసుకొని చాపాలి, ఆమె పైనుంచి పోయాలి. వాళ్ళు చూరు కింద నిలబడి తాగి, కడిగి, గూట్లో బోర్లించి పోవాలి. ఇది నేరమని చట్టం ఉన్నదట. సంగారెడ్డి కచేరీలో నౌకరీ చేసేవాళ్ళకు ఆ చట్టం బాగా తెలుసు. బస్సు కోసం ఆగినప్పుడు వాళ్ళూ ఆ బెంచీల మీదే కూచుని, చాయ తాగి, గూడు వంక చూడకుండా పోయేవాళ్ళు. అంత చదివినవాళ్ళకే పట్టనప్పుడు నర్సింహమ్మ ఒక్కదాన్నే ఏమనగలం? ఆమెకు అది తప్పని తోచలేదు, ఒప్పని కూడా తోచలేదు. పొయ్యి పొయ్యి జాగాలో ఉంది, గూడు గూడు జాగాలో ఉంది.

తెల్లారగానే మొదటి చాయ మాత్రం మొగులయ్యకే. అతడు రాకపోతే ఆమెకు పొద్దు పొడిచినట్టు ఉండేది కాదు.

"మొగులిగా, మబ్బు వట్టింది, వాన వడ్తదంటవా?" అని ఆమె గోడ లోపలి నుంచి అడిగేది.

"పడ్తదమ్మా. చీమలు గుడ్లు మోస్తున్నయి" అని అతడు గోడ బయటి నుంచి చెప్పేవాడు.

తనకంటే పెద్దవాణ్ణి "మొగులిగా" అని పిలుస్తున్నానని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు. ఏ చేనుకు ఏ విత్తనం వేయాలో, బర్రె ఎందుకు మేత ముట్టడం లేదో, పాలివాళ్ళు గెట్టు జరిపితే ఎవరితో చెప్పించాలో, అన్నీ అతణ్ణే అడిగేది. మొగుడు పోయాక ఆమెకు ధైర్యం చెప్పిన గొంతు అదొక్కటే. ఆ గొంతు గోడ అవతలి నుంచి వచ్చేది, అంతే తేడా.

డెబ్బైల నడిమికొచ్చేసరికి ఆ దారి వెంట ఫ్యాక్టరీలు మొలిచాయి. హోటల్‌కు కూతవేటు దూరంలో మందుల కంపెనీ వచ్చింది. ప్రహరీగోడ, పొగగొట్టం, ఊరంతా ఉలిక్కిపడే సైరన్. మొగులయ్యకు అందులో హెల్పర్ నౌకరీ దొరికింది. ధోవతి పోయి ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా వచ్చాయి. అతడొక్కడికే కాదు, బస్సుల్లో దిగే అందరికీ అవే బట్టలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళంతా నర్సింహమ్మ బెంచీల మీద పడ్డారు.

గిరాకీ పెరిగినందుకు సంతోషించాల్సిన మనిషి, బుర్ర గోక్కుంటూ నిలబడింది. ఊళ్ళోవాళ్ళయితే మొహం చూడగానే ఎవరికి ఏ గ్లాసో చెయ్యే వెతుక్కొని పోయేది. వీళ్ళ మొహాల మీద ఏమీ రాసి లేదు. ఎవణ్ణి లోపల కూచోబెట్టాలి, ఎవణ్ణి గూటి దగ్గరికి పంపాలి? సిగ్గువిడిచి అడిగి చూసింది.

"ఎవలోళ్లు బిడ్డా మీరు?"

"సెకండ్ షిఫ్టోళ్లం అమ్మా."

ఇంకొకణ్ణి అడిగితే వాళ్ళ నాయన రైల్వేలో చేస్తాడన్నాడు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు, ఆమె ప్రశ్న అర్థం కాక, గాల్లో నిప్పురవ్వలు ఎగిరినట్టు చేతులూపి "వెల్డర్, వెల్డర్" అన్నారు. వెల్డర్లు లోపలివాళ్ళా బయటివాళ్ళా అని ఆమె రెండు రోజులు ఆలోచించింది. పేర్లు బట్టి పోల్చుకొందామంటే ఒకరినొకరు "భాయ్" అనో "గురూ" అనో పిలుచుకొంటారు. చేతులు చూద్దామంటే అందరి వేళ్ళకూ కంపెనీ పసుపు మరకే. ఆఖరికి ముక్కును నమ్ముకొంది.

అక్కడే బోల్తా పడింది. ఒకతను రోజూ చిరుగుల చొక్కాతో, చెప్పలేనంత ఘాటు వాసనతో వచ్చేవాడు. ఆ వాసన ఆమెకు వాడలో తోళ్ళు నానేసే తొట్లను గుర్తు చేసింది. ఇంకేం, తేలిపోయిందనుకొంది. "గా గూట్ల గిలాస తీస్కో బిడ్డా" అని వేలు చూపింది. అతను "అలాగేనండీ" అని తీసుకొన్నాడు. ఎన్నో రోజులు మొగులయ్య పక్కన చూరు కింద నిలబడి, కబుర్లాడుతూ, చాయ తాగి పోయాడు. అతని పేరు సూర్యప్రకాశరావు. కోస్తా నుంచి వచ్చిన కెమిస్టు. ఒకనాడు చొక్కా మీద ఏదో మందు చిందితే, చూరు కిందే చొక్కా విప్పి గబగబా నీళ్ళు పోసుకొన్నాడు. భుజం మీద జంధ్యం కనబడింది.

నర్సింహమ్మ చాయగిన్నె దించి చేతులు జోడించింది.

"అయ్యో అయ్యగారూ! లోపలికి రాండ్రి, బెంచీ మీద కూసోండ్రి! నాకు తెల్వక..."

"ఎందుకండీ అమ్మా, ఇక్కడే గాలి బాగుంది. మొగులయ్యగారు మంచి మాటకారి" అన్నాడతను. అయినా ఆమె అంతగా పిలుస్తోంది కదా అని, తాగిన గ్లాసు తానే పట్టుకొచ్చి, లోపల తొట్టిలో నానుతున్న గ్లాసుల మధ్య మర్యాదగా పడేశాడు.

మొగులయ్య పేరు చివర "గారు" తగిలించవచ్చని ఆమె అప్పుడే విన్నది. దాని గురించి ఆలోచించే తీరిక కూడా దొరకలేదు. తొట్టిలో గ్లాసులన్నీ ఒక్కటే తీరు, అవే చారలు. గూటి గ్లాసు ఏది? ఒక్కోటి ఎత్తి ఎండకు పెట్టి చూసింది. ఏ గ్లాసూ నోరు విప్పలేదు. చింతపండూ బూడిదా వేసి అన్నిటినీ చేతులు మండేదాకా తోమింది. తోమి, ఏదో ఒకదాన్ని ఎత్తి గూట్లో పెట్టింది. పాపం ఎవరికి చుట్టుకొంటుందో ఆమెకు తెలియలేదు. బ్రాహ్మణ్ణి బయట నిలబెట్టినందుకు తనకా? ఆ గ్లాసులో రేపు తాగబోయే ఊరి పటేలుకా? లేక అసలు ఎవరికీ ఏమీ కాదా? ఆఖరి అనుమానం అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

ఈ గందరగోళానికి తీర్పు చెప్పినవాడు మాలీపటేలు కిషన్‌రావు. ఆయన ఊరికి పెద్ద, హోటల్‌కూ పెద్ద. పొద్దున ఆయన వచ్చి కూచుంటేనే మిగతా ఊరివాళ్ళు వచ్చి కూచునేది. ఆయన రానంటే ఎవరూ రారు. ఒకరోజు ఆయన పక్కనున్న ఖాకీవాణ్ణి ఎగాదిగా చూసి గొంతు తగ్గించాడు.

"వీళ్లంత ఎవలు నర్సింహమ్మా?"

"తెల్వదు పటేలా. కంపెనీ మనుషులు. అడిగితే చెప్తలేరు."

కిషన్‌రావు మీసం దువ్వుకొన్నాడు. ఆయనకు చాయ కావాలి, పరువూ కావాలి. "తెల్వనప్పుడు మనమేం జేస్తం? తెల్వనోళ్లను లోపలనే కూసోబెట్టు. తెల్సినోళ్లది మాత్రం పాత పద్ధతే" అన్నాడు.

ఊరికి గండం గడిచింది. నర్సింహమ్మకూ బరువు దిగినట్టయింది. ఆనాటి నుంచి ముక్కూ మొహం తెలియని ప్రతివాడూ బెంచీ మీదికి వచ్చాడు. వాడలోని పడుచువాళ్ళు కంపెనీ క్యాంటీన్‌కు మరిగి హోటల్ వైపు రావడమే మానేశారు. చూరు కింద మిగిలింది మొగులయ్య ఒక్కడే. హోటల్‌కు వచ్చే అంతమందిలో ఆమెకు బాగా తెలిసినవాడూ అతడొక్కడే.

ఆ రోజుల్లోనే అంజన్న అని జోగిపేట వైపు నుంచి ఒకతను కంపెనీలో చేరాడు. పెళ్ళయినవాడు, నెమ్మదస్తుడు. తాగిన గ్లాసు ఎక్కడంటే అక్కడ పెట్టకుండా తొట్టి దగ్గర ఆనించి పోయేవాడు. నర్సింహమ్మకు తెగ నచ్చాడు.

"మొగులిగా, గా అంజన్న ఎవలోళ్లో గని, మంచి ఇంట్ల పెరిగినోడు" అంది ఒకరోజు.

"ఔనమ్మా. మంచిగనే పెరిగిండు" అన్నాడు మొగులయ్య గోడ అవతలి నుంచి.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున ఊరివాళ్ళెవరూ ఇంకా రాలేదు. బెంచీ మీద అంజన్న, ఆ కేరళవాళ్ళిద్దరూ ఉన్నారు. సైరన్ మోగింది. అంజన్న చాయ గుటుక్కున మింగి, గోడ వైపు తిరిగి కేకేశాడు.

"మామా, జల్ది తాగు! గేటు బందు జేస్తరు!"

కేక వేశాక నాలుక కరుచుకొన్నాడు.

"మామనా?" అంది నర్సింహమ్మ.

అంజన్న తల వంచుకొని, "మా అమ్మకు తోడబుట్టినోడు" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. మేనల్లుడు లోపల బెంచీ మీద, మేనమామ బయట చూరు కింద. ఇద్దరివీ అవే ఖాకీ బట్టలు, అదే చాయ, ఏనాడో కలిసిపోయిన అవే గ్లాసులు. ఇప్పుడు ఎవరు ఎటు జరగాలి? అంజన్న బయటికా, మొగులయ్య లోపలికా? ఆమె చూపు అంజన్న చేతిలోని గ్లాసు మీద పడింది, అక్కడి నుంచి గోడ బయటికి, గూటి మీదికి పోయింది. ఆమె ఏమీ నిర్ణయించుకోలేదు. చూసింది, అంతే. కానీ ఆ చూపు గూటి దగ్గర నిలబడ్డ మొగులయ్య కంట పడింది. పిల్లవాణ్ణి కూడా ఇటు పంపుతుందేమోనని అతడికి తోచింది. గ్లాసులో మిగిలిన చాయ నేల మీద పారబోసి, కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు.

మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

నర్సింహమ్మ చేతులు వశం తప్పాయి. చాయలో చక్కెర రెండుసార్లు వేసేది, లేకపోతే అసలే మరిచేది. మబ్బు పడితే గోడ వైపు తిరిగి నోరు తెరిచి, మూసుకొనేది. అంజన్న మాత్రం వస్తూనే ఉన్నాడు, ఆమె పోస్తూనే ఉంది. వాణ్ణి బయటికి పొమ్మనలేదు. ఎందుకనలేదో తనకే తెలియదు. "మీ మామ ఏడి?" అని అడిగితే, "క్యాంటీన్ల తాగుతుండు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా. ఆ క్యాంటీన్ చాయ మొగులయ్యకు ఏమాత్రం పడదని ఆమెకు తెలుసు. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత దిక్కుతోచనితనం లేదు. అప్పుడు ఏం చేయాలో చెప్పే మనిషి ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం, మొగులయ్య షిఫ్టు వదిలాక, పొయ్యి ఆర్పి, కొంగు తల మీదికి లాక్కొని వాడకు నడిచింది. హోటల్ దగ్గర నిలబడితే కనబడే వాడ. ఇన్నేళ్ళలో అటు అడుగు పెట్టలేదు. మొగులయ్య భార్య శివమ్మ గడపలో కూచుని కందులు చెరుగుతోంది. లేచి మంచం వాల్చింది కానీ మొహం మాత్రం గంటు పెట్టుకొంది.

నర్సింహమ్మ మంచం అంచున కూచుంది. "జెర మంచినీళ్లియ్యి శివమ్మా" అంది.

"ఏంట్ల ఇయ్యాలె అమ్మా?" అంది శివమ్మ. "మా గోడకు గూడు లేదు."

"ఊకోవే" అని లోపలి నుంచి మొగులయ్య కసిరాడు. శివమ్మ తాము తాగే చెంబుతోనే నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. నర్సింహమ్మ చెంబు వంక చూసింది. తాగితే ఏమవుతుంది? తాగకపోతే ఏమవుతుంది? తాగింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆమెకు ఇంకా అయోమయంగా అనిపించింది.

మొగులయ్య బయటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"నా మీద కోపమొచ్చిందా మొగులిగా?"

"కోపం గాదమ్మా. నాకు సమజైతలేదు. అంజన్నను ఎరగక లోపల కూసోబెట్టినవు. నన్ను ఎరిగి బయట నిలవెట్టినవు. ఎరుగుడు మంచిదా, ఎరగకుండుడు మంచిదా, నువ్వే చెప్పు."

ఆమె దారంతా ఆలోచించి పెట్టుకొన్న ఉపాయం ఒకటుంది, అది బయటపెట్టింది. "గట్లయితె గిట్ల జెయ్యి. రేపు ఖాకీ బట్టల మీద తిన్నగ లోపలికొచ్చి కూసో. పటేలు అడిగితె, ఎవలో నాకు తెల్వదని చెప్త. గాయిన ఇగ ఏమనడు."

ఎంతో సాయం చేస్తున్నాననే అనుకొంది.

"నన్నా? నన్ను తెల్వదంటవా అమ్మా?" అన్నాడు మొగులయ్య. "గట్లయితె నేను రాను. గాడ కూసున్నోడు మొగులయ్య గాడు గద, ఎవడో. ఎవనికో పోసిన చాయ నాకెందుకు?"

నర్సింహమ్మ తిరిగి వచ్చేటప్పుడు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నదో ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేది. లోపల పోయడం తప్పు, బయట పోయడం తప్పు, తెలుసనడం తప్పు, తెలియదనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎటు కదిలినా ఏదో ఒకటి పగిలేటట్టే ఉంది.

తెల్లవారి పొద్దెక్కింది. కిషన్‌రావు, ఊరివాళ్ళు ఇద్దరు బెంచీల మీద ఉన్నారు. మొగులయ్య టిఫిన్ డబ్బా పట్టుకొని, హోటల్ వైపు చూడకుండా రోడ్డు అవతలి పక్క నుంచి పోతున్నాడు. నర్సింహమ్మ పొయ్యి మీద చాయ పొంగుతుంటే పొంగనిచ్చి, రోడ్డు దాటిపోయి అతడి ముందు నిలబడింది.

"మొగులయ్యా, ఆగు. లోపలికి రా. కూసోని తాగు."

ఆమె నోట "మొగులయ్యా" అని అతడు వినడం అదే మొదలు. బెంచీ మీదున్న వాళ్ళను చూశాడు, ఆమెను చూశాడు. "తెల్వనట్టు పోస్తవా?" అని మెల్లగా అడిగాడు. ఆమె వెనక్కి నడిచింది. ఏ నమ్మకంతో వచ్చాడో కానీ, అతడూ వెనకే వచ్చి బెంచీ చివర కూచున్నాడు. ఆమె తొట్టి దగ్గరి గ్లాసుల్లోంచి ఒకటి తీసి, నిండా పోసి, చేతికిచ్చింది. అతడు తాగలేదు. పట్టుకొని కూచున్నాడు.

కిషన్‌రావు దగ్గాడు. కళ్ళద్దాలు తీసి, ధోవతి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకొన్నాడు.

"అద్దాలు లేకుంటే నాకేం కానరాదు" అన్నాడు గాలిలోకి చూస్తూ. "ఎవలు నర్సింహమ్మా గాయిన? కంపెనీల కొత్తగొచ్చినోడా? నీకు తెల్వకపోతె తెల్వదను. అయిపాయె."

ఆయన ఎంత పెద్ద దారి తెరిచి పెట్టాడో ఆమెకు తెలుసు. ఒక్క మాట చాలు. హోటల్ నిలుస్తుంది, ఊరు ఊరుకొంటుంది, పటేలు చాయ పటేలు తాగుతాడు. ఎందరి విషయంలోనో అలవాటుగా అన్న మాటే. మొగులయ్య తల ఎత్తలేదు. గ్లాసులోని చాయను చూస్తున్నాడు.

"తెల్సు పటేలా" అంది నర్సింహమ్మ. "మంచిగ తెల్సు. మాదిగవాడ మొగులయ్య. నాకు పెండ్లయి వచ్చిన్నాటి సంది ఎరుగుదు."

ఊరివాళ్ళలో ఒకడు లేచి, చాయ వదిలేసి, తువ్వాల దులుపుకొని పోయాడు. నర్సింహమ్మ గుంజను పట్టుకొని నిలబడింది. మొగులయ్య చాయ ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే చొక్కా చేత్తో తుడుచుకొని, ఇంకో గుక్క తాగాడు.

కిషన్‌రావు మాత్రం కదల్లేదు. ఒక చేతిలో కళ్ళద్దాలు, ఒక చేతిలో సగం తాగిన గ్లాసు. అద్దాలు పెట్టుకొంటే చూసినట్టవుతుంది. చూస్తే లేవాలి. లేస్తే చాయ పోతుంది, రేపటి నుంచి పొద్దున కూచునే జాగా కూడా పోతుంది. ఏ చెయ్యి ఎత్తాలో, ఏ చెయ్యి దించాలో తెలియక ఆయన అట్లాగే కూచుండిపోయాడు. ఆయన్ను చూస్తే నర్సింహమ్మకు కోపం రాలేదు, జాలేసింది. అట్లా కూచోవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు.